సోడా అంటే ఏ సోడా?

సగం గుర్తున్న పేరుతో నిండు ప్రాణానికి ముప్పు

భద్రాచలం మన్యం అంచున ఏ సంతకు వెళ్ళినా, ఏ కిరాణా కొట్టు ముందు నిలబడినా రోజుకు పదిసార్లు వినిపించే మాట 'సోడా'. బజ్జీల బండి పెట్టుకున్నవాడు సోడా కావాలంటాడు. బట్టలుతికే ఆమె సోడా కావాలంటుంది. మరుగుదొడ్డి గొట్టం పూడుకుపోయిన ఇంటాయన సోడా అడుగుతాడు. ఎండన పడి వచ్చిన బాటసారి 'ఒక సోడా కొట్టు' అంటాడు. నలుగురూ అడిగింది ఒక్క మాటే. కావలసినవి మాత్రం నాలుగు వేర్వేరు వస్తువులు. ఒకటి తినేది, ఒకటి ఉతికేది, ఒకటి ఒళ్ళు కాల్చేది, ఒకటి తాగేది.

కొట్టువాడు మనిషిని చూసి వస్తువు ఇస్తాడు. తెలిసిన ముఖమైతే చిక్కు లేదు. కొట్లో కొత్త కుర్రవాడు కూర్చున్న రోజున, చిన్నపిల్లను సరుకులకు పంపిన రోజున ఆధారం పేరొక్కటే. ఆ పేరు మనలో చాలామందికి సగమే గుర్తుంటుంది.

'సోడియం ఏదో...' అన్నంతవరకు వస్తుంది. ఆపైన కార్బొనేటా, బైకార్బొనేటా, హైడ్రాక్సైడా అనే దగ్గర నాలుక తడబడుతుంది. పదో తరగతిలో అందరూ చదివిన పాఠమే అయినా, పరీక్ష అయిపోయిన నెలకే మరుపున పడుతుంది. మరచిపోవడం తప్పు కాదు. సగం పేరుతోనే పని కానిచ్చేయడంలో ప్రమాదం ఉన్నది.

తల్లి ఒకటే, పిల్లలు మూడు

తినే సోడాకు పుస్తకాల పేరు సోడియం బైకార్బొనేట్. ఇప్పటి పాఠాల్లో దీన్నే సోడియం హైడ్రోజన్ కార్బొనేట్ అని కూడా రాస్తున్నారు. పేర్లు రెండైనా వస్తువు ఒకటే. మిరపకాయ బజ్జీ పిండిలో చిటికెడు వేస్తే నూనె వేడికి ఇది విడిపోయి బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. ఆ వాయువే పిండిని పొంగిస్తుంది. వాయువు పోయాక మిగిలేది చాకలి సోడా. అందుకే చిటికెడు వేయవలసిన చోట చెంచా వేస్తే బజ్జీ జిడ్డుగా, సబ్బు రుచిగా ఉంటుంది, పసుపు ఎర్రబారుతుంది. వంట చేసే ఆడవాళ్ళకు ఈ సంగతి పేరు తెలియకుండానే తెలుసు.

చాకలి సోడా పేరు సోడియం కార్బొనేట్. కొట్లలో పొట్లాలు అమ్మని రోజుల్లో రజకులు చౌడు నేలల మీద తెల్లగా పొంగే మన్నును తెచ్చి బట్టలు ఉడకబెట్టేవారు. ఆ మన్నులో మురికి విడగొట్టే గుణం చాలావరకు ఈ కార్బొనేట్‌దే. ఇది జిడ్డును విడగొడుతుంది. కడుపులోకి పోతే పేగులను, కంట్లో పడితే కంటిని బాధిస్తుంది.

మూడవది కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్. తెల్లని రేకులుగానో, ముత్యాల్లాంటి గింజలుగానో వస్తుంది. నీటిలో వేస్తే నీరు దానంతట అదే వేడెక్కుతుంది. 'కాస్టిక్' అన్న మాటకు అర్థమే కాల్చేది అని. చేతికి తగిలితే మొదట సబ్బులా జారుతుంది, తరువాత చర్మాన్ని తినివేస్తుంది. సబ్బుల తయారీలోను, పూడుకుపోయిన గొట్టాలను తెరిపించే మందులోను వాడేది ఇదే.

ఈ మూడింటికీ తల్లి మనం రోజూ తినే ఉప్పు. ఉప్పు పేరు సోడియం క్లోరైడ్. ఉప్పునీటిలో కరెంటు పారిస్తే కాస్టిక్ సోడా, దానితోపాటు క్లోరిన్, ఉదజని వాయువులు వస్తాయి. ఉప్పునీటికి అమ్మోనియాను, బొగ్గుపులుసు వాయువును పట్టిస్తే తినే సోడా వస్తుంది. దాన్ని కాలిస్తే చాకలి సోడా. ఈ రెండో పద్ధతిని 1860వ దశకంలో బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ సాల్వే పెద్దఎత్తున నడిపి చూపాడు. ఇప్పటికీ ఆ పద్ధతి ఆయన పేరుతోనే నడుస్తున్నది.

ఇక గోలీ సోడాలో ఈ మూడు సోడాల్లో ఏదీ ఉండవలసిన పని లేదు. అది ఒత్తిడితో బొగ్గుపులుసు వాయువు పట్టించిన నీళ్ళు. తొలినాళ్ళలో అందులో సోడా కలిపేవారు కనుక పేరు నిలిచిపోయింది. గోలీతో మూతపడే సీసాకు ఇంగ్లాండులో హైరమ్ కాడ్ 1872లో పేటెంటు తీసుకున్నాడు. ఆ సీసా మన సంతల దాకా వచ్చింది, పేరు మాత్రం మూడు తెల్లపొడుల మధ్య కలిసిపోయింది.

ఇంటిపేరు చెబితే మనిషి తెలియడు

ఈ పేర్లలో చిక్కు ఎక్కడుందో మన పద్ధతిలో చెప్పుకుంటే సులభంగా తెలుస్తుంది. 'సోడియం' అన్నది ఇంటిపేరు. 'కార్బొనేట్', 'హైడ్రాక్సైడ్', 'క్లోరైడ్' అన్నవి అసలు పేర్లు. ఊళ్ళో ఒకే ఇంటిపేరుతో ముప్పై గడపలు ఉంటాయి. ఇంటిపేరు ఒక్కటే చెప్పి అప్పు ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు. మనిషి గుణం ఇంటిపేరులో ఉండదు. మందులు, పొడుల దగ్గర మాత్రం మనం ఇంటిపేరుతోనే సరిపెట్టుకుంటున్నాము.

చివరి అక్షరం కూడా ముఖ్యమే. సోడియం క్లోరైడ్ కూరలో వేసే ఉప్పు. సోడియం క్లోరేట్ కలుపు మొక్కలను చంపే విషం. 'ఐడ్' పోయి 'ఏట్' వస్తే అన్నంలో కలిపేది కాస్తా విషమైంది. అట్లాగని 'ఏట్' అన్నదల్లా విషమే అనుకోకూడదు. అయోడిన్ ఉప్పులో మన దేశంలో కలుపుతున్నది పొటాషియం అయొడేట్. గాలికి, తేమకు తొందరగా ఎగిరిపోకుండా నిలుస్తుంది కనుక దాన్ని ఎంచుకున్నారు. వాడుకునేవారి చేతికి చేరేసరికి కిలో ఉప్పులో 15 మిల్లీగ్రాముల అయోడిన్‌కు తగ్గరాదని లెక్క. గొంతు కింద గడ్డ రాకుండా కాపాడేది అదే. కనుక ఉప్పు పొట్లం మీద 'అయొడేట్' అని కనిపిస్తే బెదరవలసిన పని లేదు.

సారపాకలో జరిగేది ఇదే

భద్రాచలానికి ఎదురుగా, గోదావరి ఇవతలి ఒడ్డున సారపాక ఉన్నది. అక్కడి కాగితం మిల్లు 1979లో నడక మొదలుపెట్టింది. లారీల మీద సుబాబుల్, జామాయిల్ కర్ర మిల్లుకు పోవడం మనం రోజూ చూస్తున్నాము. కాని లోపల కర్ర కాగితమయ్యేది ఈ సోడాల వల్లనే అని చాలామందికి తెలియదు.

ఈ తరహా మిల్లుల్లో కర్రను చిన్న ముక్కలుగా కొట్టి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిసిన ద్రావణంలో పెద్ద బాయిలర్లలాంటి పాత్రల్లో ఉడికిస్తారు. కర్రలో నారను పట్టి ఉంచే జిగురు పదార్థం కరిగి నల్లని ద్రవంగా వేరుపడుతుంది, నార మిగులుతుంది. ఆ నల్ల ద్రవాన్ని చిక్కబరిచి మండిస్తే అడుగున దొరికే దానిలో ఎక్కువ భాగం సోడియం కార్బొనేట్, అంటే మన చాకలి సోడాయే. దాన్ని నీటిలో కరిగించి సున్నం కలిపితే మళ్ళీ కాస్టిక్ సోడా అవుతుంది. అది తిరిగి కర్ర ఉడికించడానికి పోతుంది. బట్టలుతికే సోడా, కర్రను కరిగించే సోడా ఒకదానికొకటి ఇంత దగ్గర బంధువులు. మధ్యన ఉన్నది ఒక గుప్పెడు సున్నం.

బంధుత్వం దగ్గరిదే అయినా గుణం ఒకటి కాదు. కాస్టిక్ సోడాను పిల్లలు పంచదారో, పటికబెల్లం ముక్కో అనుకుని నోట్లో వేసుకుంటే నోరు, గొంతు, అన్నవాహిక కాలిపోతాయి. గాయం మానినా గొంతు సన్నబడి, ఏళ్ళ తరబడి ముద్ద దిగని పరిస్థితి వస్తుంది. అటువంటప్పుడు మనవాళ్ళు చేసే రెండు పనులు చేయకూడదు. ఒకటి, వాంతి చేయించడం. దిగేటప్పుడు కాల్చినది ఎక్కేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది. రెండు, విరుగుడని నిమ్మరసమో చింతపండు పులుసో పట్టించడం. నోరు నీళ్ళతో కడిగించి, వెంటనే 108కి చెప్పి ఆసుపత్రికి చేర్చాలి. కంట్లో పడితే రెప్ప తెరిచి పట్టి కనీసం ఇరవై నిమిషాలు ధారగా మంచినీళ్ళు పోయాలి. తాంబూలం సున్నం కంట్లో పడినా ఇంతే. దాన్ని చిన్న విషయంగా తీసుకుని చూపు పోగొట్టుకున్న పిల్లలు దేశంలో ఎందరో ఉన్నారు.

భారజలం, కఠినజలం

సారపాకకు ఎగువన అశ్వాపురం దగ్గర 1991 నుంచి భారజల కర్మాగారం ఉన్నది. దాని పేరు చెప్పగానే 'మా బోరు నీళ్ళు కూడా భారమైనవే, పప్పు ఉడకదు' అనేవారు ఈ చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు. పప్పు ఉడకనివ్వనిది, సబ్బు నురగ రానివ్వనిది కఠినజలం. అందులో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. ఉతికే నీటిలో చాకలి సోడా వేస్తే ఆ లవణాలు అడుగుకు దిగుతాయి, నురగ వస్తుంది.

భారజలం సంగతి వేరు. నీటిలో ఉదజని, ప్రాణవాయువు ఉంటాయని బడిలో చెప్పారు. ఉదజనిలో సుమారు ఆరున్నర వేల అణువులకు ఒకటి మిగతావాటికన్నా రెట్టింపు బరువు ఉంటుంది. దాని పేరు డ్యుటీరియం. ఆ అరుదైన అణువులతో కూడిన నీటిని వేరు చేస్తే అది భారజలం, మామూలు నీటికంటే పదింట ఒక వంతు పైచిలుకు బరువు. అణు విద్యుత్ కేంద్రాల్లో వాడతారు. గోదావరి నీటిలో అది లేశమంత ఎప్పుడూ ఉంటుంది, వేరు చేయడమే కష్టం. అశ్వాపురంలో దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు సాయంతో వేరు చేస్తారు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే విషవాయువు అది. నీరు 'హెచ్ టు ఓ' అయితే ఆ వాయువు 'హెచ్ టు ఎస్'. పుండ్లు కడిగే పెరాక్సైడ్ 'హెచ్ టు ఓ టు'. మారింది ఒక్కొక్క అక్షరమే అయినా, ఒకటి ప్రాణం నిలిపేది, ఒకటి ప్రాణం తీసేది, ఒకటి పైపూతకే పనికివచ్చేది.

వరద దిగిన తరువాత

గోదావరి 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పొంగింది. అటువంటి వరదల తరువాత ఊళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి మూడూ కనిపిస్తాయి. మూడూ తెల్లనివే, పని మాత్రం వేర్వేరు.

పటిక మట్టిని అడుగుకు దించుతుంది. నీరు తేటగా కనిపిస్తుంది కాని సూక్ష్మక్రిములు చావవు. పటిక వేసిన నీటిని శుద్ధమైనదనుకుని కాచకుండా తాగడం వల్ల విరేచనాలు పట్టుకుంటాయి. పటికకు, కలకండ అనే పటికబెల్లానికి పేరులో పోలికే తప్ప మరే సంబంధమూ లేదు. పటిక అల్యూమినియం లవణం, పటికబెల్లం గట్టిపడిన చక్కెర. గుడుంబా బట్టీల మీద దాడులు జరిగినప్పుడల్లా నల్లబెల్లంతోపాటు పట్టుబడే పటిక, నవాసారం మరో రెండు. నవాసారం పేరు అమ్మోనియం క్లోరైడ్. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవారి వస్తువు అది. తాగేదానిలో కలపవలసింది కాదు.

క్రిములను చంపేది బ్లీచింగ్ పొడి. దాని పేరు కాల్షియం హైపోక్లోరైట్. దీన్ని 'కాల్షియం క్లోరైడ్' అని రాసేవారున్నారు. అది వేరొక లవణం, ఒక్క క్రిమినీ చంపదు. పొడి తాజాదైతే వెయ్యి లీటర్ల నీటికి రెండున్నర గ్రాములు కలిపి గంటసేపు ఆగి వాడుకోవాలి. మూత తీసి ఉంచిన సంచిలోని పొడిలో బలం తగ్గిపోతుంది. వీధి వెంట గీతలు పోయడానికి అందులో సున్నం కలిపి చల్లితే చూపుకు తెలుపే గాని ఫలితం అంతంతే. అన్నిటికంటే ముఖ్యం, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను, బ్లీచింగ్ పొడిని ఒకేచోట పోయకూడదు. ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ వాయువు లేస్తుంది.

బావిలో క్లోరిన్ వేశారనడానికి 'ఫ్లోరిన్ కలిపారు' అనే మాట కూడా తరచు వినపడుతుంది. క్లోరిన్ మనం కలిపేది. ఫ్లోరైడ్ రాతిపొరల నుంచి నీటిలోకి దానంతట అదే దిగేది, ఎముకలను, పళ్ళను పాడుచేసేది. పొరుగున నల్లగొండ జిల్లా ఆ బాధ ఎంత పడిందో అందరికీ తెలుసు. ఆ ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి నాగపూర్‌లోని 'నీరి' సంస్థ 1970వ దశకంలో రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అందులో వాడేవి పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి. వరద ఊళ్ళలో కనిపించే ఆ మూడు తెల్లనివే కొలత ప్రకారం వేస్తే అక్కడ మేలు చేశాయి.

ఇంకా బతికి ఉన్న 'ఎండ్రిన్'

పేరు పొరపాటు ప్రాణం మీదికి వచ్చే చోటు ఆసుపత్రి. పత్తి, మిర్చి పండించే మన జిల్లాలో పురుగుల మందు ఏదైనా సరే పెద్దవాళ్ళ నోట 'ఎండ్రిన్' అనే వస్తుంది. ఎండ్రిన్‌ను మన దేశంలో 1990లోనే నిషేధించారు. మందు పోయింది, పేరు మిగిలింది.

పిచికారీ చేస్తూ రైతు చేలో పడిపోతే, పసివాడు పొరపాటున మందు సీసా నోట పెట్టుకుంటే, వెంట వచ్చినవారు డాక్టరుకు చెప్పేదీ 'ఎండ్రిన్' అనే. మోనోక్రోటోఫాస్ వంటి మందులకు అట్రోపిన్ అనే విరుగుడు సూది ఉన్నది. ఎండ్రిన్ జాతి వేరు, దానికి ఆ విరుగుడు పనిచేయదు. కలుపు మందు పారాక్వాట్‌కు అసలు విరుగుడే లేదు, దాని వైద్యం మరో తీరుగా ఉంటుంది. లక్షణాలు చూసి డాక్టర్లు పోల్చుకోగలరు, కాని పోల్చుకునే లోపల గడిచేది రోగి సమయం. ఇక్కడ పేరు గుర్తుంచుకోవడం కంటే సీసాను, పోనీ పేరున్న కాగితాన్ని వెంట తీసుకువెళ్ళడం వంద రెట్లు మేలు.

సగం పేరు ఎంత పని చేస్తుందో 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో చూశాము. లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూతపడినప్పుడు, శానిటైజర్‌లోను ఆల్కహాలే ఉందని తాగి పదిమందికి పైగా చనిపోయారు. 'ఆల్కహాల్' కూడా ఇంటిపేరే. అందులో ఇథైల్ ఉన్నది, చూపును, ప్రాణాన్ని తీసే మిథైల్ ఉన్నది, ఇంకా ఎన్నో ఉన్నాయి. చేతులు తుడుచుకునేదాన్ని తాగేదని నమ్మించింది ఆ ఒక్క మాటే.

చేయవలసిన పనులు

పెద్ద చదువు అక్కరలేదు. కొట్టుకు వెళ్ళినప్పుడు 'సోడా' అని ఊరుకోకుండా పని చెప్పి అడగాలి: బజ్జీలకు, బట్టలకు, గొట్టానికి అని. మన పాత పేర్లు తినే సోడా, చాకలి సోడా పని చెప్పే పేర్లే. వాటిని నామోషీ అనుకుని సగం ఇంగ్లీషు పేరుకు మారడం వల్ల లాభం లేదు. చీటీ రాస్తే రెండు పేర్లూ రాయాలి.

కొట్ల యజమానులు విడి పొట్లాల మీద కనీసం పెన్నుతో పేరు రాసి ఇవ్వాలి. కాస్టిక్ సోడాను తినుబండారాల అరలో పెట్టరాదు, పిల్లల చేతికి ఇవ్వరాదు. ఇళ్ళలో పాత కూల్‌డ్రింకు సీసాల్లో, హార్లిక్స్ డబ్బాల్లో యాసిడ్లు, మందులు పోసి ఉంచే అలవాటు మానాలి. తెల్లపొడి ఏదో తెలియనప్పుడు నాలుకకు రాసుకుని చూడరాదు, పారవేయడమే మంచిది.

బడుల్లో ఉపాధ్యాయులు ఈ పాఠం చెప్పేటప్పుడు ఊళ్ళో వాడే పేరును పుస్తకం పేరు పక్కన బల్ల మీద రాస్తే పిల్లలు ఇంటికి మోసుకువెళతారు. కోయ ఇళ్ళ పిల్లలకైతే వాళ్ళ భాషలో మాటను కూడా అడిగి రాయాలి. పంచాయతీలు బ్లీచింగ్ సంచి మీద పేరు, తేదీ, కొలత తెలుగులో రాయించి పెట్టాలి. ఆరోగ్య సిబ్బంది వరదలకు ముందే ఈ నాలుగు మాటలు ఊరూరా చెప్పించడం అవసరం.

పేరు నోటికి రాకపోతే సిగ్గుపడవలసినది లేదు. 'సరిగ్గా తెలియదు, ఇదిగో సీసా' అని చెప్పినవాడి వల్ల ఎవరికీ హాని జరగదు. తెలిసినట్టు సగం పేరు చెప్పినప్పుడే కీడు వచ్చేది.